లిస్ప్ మాక్రో: తెలుగు వాక్యంలా రాయాలా, కీవర్డులు పెట్టాలా?

చీనీతోట_అనంతపురం
డ్రిప్ వాల్వులు నడిపే ప్రోగ్రామ్ కామన్ లిస్ప్‌లో రాస్తున్నా, ఎస్‌బీసీఎల్ కంపైలర్ మీద. ఇప్పుడు మాక్రో (రాసిన పొట్టి రూపాన్ని కంపైల్ చేసేటప్పుడు పూర్తి కోడ్‌గా విస్తరించేది) ఇట్లా ఉంది:

(తడి చీనీ 6 45 3 (మోటారు-వేయి))

6 అంటే గంటా, వాల్వు నంబరా అని ప్రతిసారీ డెఫినిషన్ తెరిచి చూడాల్సొస్తోంది. లిస్ప్‌లోని లూప్ మాక్రో మాదిరి వాక్యంలా మార్చేదా?

(తడి చీనీకి 6 నుంచి 45 నిమిషాలు వాల్వు 3 (మోటారు-వేయి))

కర్నూలు_బ్రాకెట్
చదవడానికి హాయే, రాయడానికే కష్టం. ఒకరు "నుంచి" అంటారు, ఇంకొకరు "నుండి" అంటారు. "చీనీకి"లో "కి" ఊడదీసే పని మాక్రోకి అప్పజెప్పకండి. పైగా మనకు క్రియ చివర, లిస్ప్‌కి మొదట. ఎంత తిప్పినా అది సగం వాక్యమే. లూప్‌తోనూ ఇదే తిప్పలు: చూస్తే అర్థమవుతుంది, రాయబోతే ఏ పదం తర్వాత ఏది రావాలో వెతుక్కోవాలి. విత్-ఓపెన్-ఫైల్ పద్ధతి పట్టుకోండి, అంటే వివరాలు లోపలి బ్రాకెట్‌లో పేర్లతో, పనులు దాని బయట:

(తడి (చీనీ :గంట 6 :నిమిషాలు 45 :వాల్వు 3)
  (మోటారు-వేయి))

డెఫినిషన్ తల ఇది:

(డెఫ్‌మాక్రో తడి ((తోట &కీ గంట నిమిషాలు వాల్వు) &బాడీ పనులు) ...)

ఇందులో కీ అంటే పేరు పెట్టి ఇచ్చే విలువలు, బాడీ అంటే మిగిలిన పనులు. లోపలి బ్రాకెట్ తీసేయొద్దు. &కీ, &బాడీ ఒకే వరుసలో ఉంటే పనులను కూడా కీవర్డు-విలువ జతలుగా చదవబోయి ఎర్రర్ ఇస్తుంది. &రెస్ట్ బదులు &బాడీ అంటే స్లైమ్ (ఈమాక్స్ ఎడిటర్‌లో లిస్ప్ రాయడానికి తోడు) పనులను రెండు స్పేసులు లోపలికి జరుపుతుంది. కంటికి ఆ రెండు స్పేసులే ఆసరా.

కడప_లాంబ్డా
పై మాటకు ఒకటి కలపాలి: మాక్రోలో అసలు పని పెట్టొద్దన్నా. పని ఫంక్షన్‌ది, మాక్రో పైతొడుగు మాత్రమే. కింది టెంప్లేట్‌లో కామా ఉన్న చోట నువ్వు రాసింది అలాగే వచ్చి చేరుతుంది.

`(తడి-ఫంక్షన్ ,తోట :గంట ,గంట :నిమిషాలు ,నిమిషాలు :వాల్వు ,వాల్వు
   :పని (లాంబ్డా () ,@పనులు))

ఎందుకంటే, రేపు :నిమిషాలు (సెన్సర్-చదువు) అని రాస్తావు. టెంప్లేట్‌లో ,నిమిషాలు రెండు చోట్ల ఉంటే సెన్సర్‌ను రెండుసార్లు చదువుతుంది: వాల్వు 45 నిమిషాలు తెరుచుకుని, లాగ్‌లో 43 పడొచ్చు. ఫంక్షన్‌కు పంపితే ఒక్కసారే లెక్కిస్తుంది, జెన్‌సిమ్ (వేరే పేరుతో కలవని కొత్త పేరు పుట్టించేది) అవసరమే రాదు. ఇంకో లాభం: ఫంక్షన్ మారిస్తే దాన్నొక్కదాన్నే కంపైల్ చేస్తే చాలు. మాక్రో మారిస్తే వాడిన ప్రతి చోటా మళ్లీ కంపైల్ చేయాలి.

చీనీతోట_అనంతపురం
మార్చినా. :నిమిషాలు రాయడం మరిచిపోతే నిల్ (ఖాళీ విలువ) పోతోంది, మోటారు తిరిగే వేళకు గానీ తెలియడం లేదు.

కడప_లాంబ్డా
డిఫాల్ట్ విలువ ఉండే చోట ఎర్రర్ పెట్టు:

(నిమిషాలు (ఎర్రర్ "తడి: నిమిషాలు రాయలేదు"))

ఆ డిఫాల్ట్ మాక్రో విస్తరించేటప్పుడే నడుస్తుంది కాబట్టి కంపైల్ చేస్తుండగానే పట్టుబడుతుంది. :నిముషాలు అని తప్పు రాసినా అక్కడే ఆగుతుంది, &అలౌ-అదర్-కీస్ (తెలియని కీవర్డులనూ ఒప్పుకోమనే మాట) పెట్టనంత వరకు.

కర్నూలు_బ్రాకెట్
తెలుగు పేర్లు వాడుతున్నారు కాబట్టి ఇదొకటి చూసుకోండి. ":టైమర్" చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని జీరో-విడ్త్ నాన్-జాయినర్ అనే అక్షరం చేరుస్తాయి. అది ఉన్న పేరు, లేని పేరు రెండూ ఒకేలా కనిపిస్తాయి, లిస్ప్‌కు మాత్రం రెండు వేర్వేరు సింబల్స్. ఎస్‌బీసీఎల్ రీడర్ ఎన్‌ఎఫ్‌కేసీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు యూనికోడ్ రూపాలను ఒకటి చేయడం) చేసినా దాన్ని తీసేయదు. "కీవర్డు సరిగ్గానే రాశానే" అనిపిస్తే (లెంగ్త్ (సింబల్-నేమ్ :టైమర్)) కొట్టండి: 5 రావాలి, 6 వస్తే అదే. కీవర్డుల పేర్లు :గంట, :వాల్వు లాగా అచ్చుతో ముగిసేలా పెట్టుకుంటే చివర ఈ బెడద ఉండదు.