పైపుకు వేలు అడ్డం పెడితే నీళ్లు దూరం పోతాయి, టారిసెల్లి ఒప్పుకోవట్లేదు

మారతహళ్లి నాన్న:
మా పాప ఇంటర్ ఫస్టియర్. ఫ్లూయిడ్స్ లెక్కలు చేస్తూ ఒక ప్రశ్న అడిగింది, నాకు నోట మాట రాలేదు. టారిసెల్లి సూత్రం ప్రకారం ట్యాంకుకు చిల్లు పడితే నీటి వేగం రూట్ టూ జీ హెచ్ (జీ గురుత్వ త్వరణం, హెచ్ చిల్లుకు పైనున్న నీటి ఎత్తు), చిల్లు సైజుతో పనిలేదు అంటారు. మరి మొక్కలకు నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో మూస్తే నీళ్లు అంత దూరం ఎందుకు చిమ్ముతాయి, అవీ ట్యాంకు నీళ్లే కదా అంటుంది. మాది మూడంతస్తుల ఇల్లు. ట్యాంకులో నీటిమట్టం కింది కుళాయికి 10 మీటర్ల పైన ఉంటుంది.

బీటెక్ బాబు:
కంటిన్యుటీ అండి. ఏ1వీ1 = ఏ2వీ2, ఏ అంటే దారి అడ్డుకోత వైశాల్యం, వీ అంటే నీటి వేగం. దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది. సింపుల్.

రిటైర్డ్ లెక్చరర్, హెబ్బాళ:
అంత సింపుల్ కాదు బాబూ. కంటిన్యుటీ చెప్పేది ఒకే సమయంలో పైపులో రెండు చోట్ల సంగతి. పాప పోలుస్తున్నది వేలు పెట్టకముందు, పెట్టాక. సెకనుకు వచ్చే నీళ్లు రెండుసార్లూ ఒకటేనని ఎవరు చెప్పారు?

నాన్నగారూ, పాప చేతికి బకెట్, స్టాప్‌వాచ్ ఇవ్వండి. 10 మీటర్లకు ఫార్ములా ఇచ్చే వేగం సెకనుకు 14 మీటర్లు. అరంగుళం పైపు లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లనుకుంటే సెకనుకు రెండున్నర లీటర్లు రావాలి, 15 లీటర్ల బకెట్ 6 సెకన్లలో నిండాలి. ఏ ఇంట్లో నిండుతుందండీ! నిమిషం పట్టిందనుకోండి. అంటే అసలు వేగం 1.4 మీటర్లే. ఆ వేగానికి 10 సెంటీమీటర్ల ఎత్తు చాలు. మిగతా 9.9 మీటర్లనూ పైపు గోడల రాపిడి, ఎల్బోలు, కుళాయి మింగేశాయి. 1644లో టారిసెల్లి రాసింది పాత్రకున్న చిల్లు గురించి, మధ్యలో ఇంత పైపు లేదు.

ఇప్పుడు వేలు పెట్టి ప్రవాహాన్ని సగం చేయండి. ఈ వేగాల్లో నీళ్లు సుడులు తిరుగుతూ వస్తాయి కాబట్టి నష్టం సుమారుగా ప్రవాహపు వర్గాన్ని బట్టి మారుతుంది. ప్రవాహం సగమైతే నష్టం నాలుగో వంతు, రెండున్నర మీటర్లు. మిగిలిన ఏడున్నర మీటర్లూ వేగంగా మారి నీళ్లు సెకనుకు 12 మీటర్లతో దూకుతాయి, బకెట్‌కు మాత్రం రెండు నిమిషాలు. ఇంకా ఎంత బిగించినా 14 దాటదు. రాపిడే లేకపోతే వేలు పెట్టినా పెట్టకపోయినా వేగం మారదు. పాపదే రైటు.

మారతహళ్లి నాన్న:
మాస్టారూ, పాప గెంతుతోంది. మరి పరీక్షలో ఏది వాడాలి?

రిటైర్డ్ లెక్చరర్, హెబ్బాళ:
సెకనుకు ఇన్ని లీటర్లనో, ఒకచోట వేగం ఇంతనో ఇస్తే కంటిన్యుటీతో మొదలుపెట్టమనండి. ఎత్తులు, పీడనాలు ఇస్తే బెర్నూలీ సమీకరణం, అంటే పీడనం, వేగం, ఎత్తులను కలిపే శక్తి లెక్క. మధ్యలో ఇరుకైన పైపుతో ప్రవాహాన్ని కొలిచే వెంచురీమీటర్‌కు రెండూ కావాలి. "స్నిగ్ధత లేని ప్రవాహి", అంటే లోపల రాపిడే లేని ద్రవం, అని రాసుంటే ఇంటి కుళాయిని మర్చిపోమనండి.

బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ వాతావరణ పీడనం తక్కువ కదా అని అడుగుతుంది చూడండి, అడగక మానదు. ట్యాంకు పైనా కుళాయి దగ్గరా అదే పీడనం, సమీకరణంలో అటూ ఇటూ కొట్టేయొచ్చు. ట్యాంకు మూత గాలి చొరకుండా బిగించారంటే మాత్రం కొట్టేయకూడదు, ఆ మెలిక పోటీ పరీక్షల వాళ్లకు మహా ఇష్టం. ఇక తేడా తెలిసేది సంపులోంచి పీల్చే మోటారుకు. సముద్రమట్టం దగ్గర ఎంత మంచి మోటారైనా 10.3 మీటర్ల లోతు దాటి పీల్చలేదు, ఇక్కడ 9.3 దగ్గరే ఆగిపోతుంది. ఎందుకో పాపనే లెక్క కట్టమనండి.