హన్మకొండల డైపర్ మానేసిన పాప డాలస్‌ల మళ్లీ తడుపుకుంటాంది, ఏం చెయ్యాలె?

అడిగినామె (హన్మకొండ, ఇప్పుడు డాలస్):
అందరికి నమస్తే. మేం ఈ మధ్యనే వచ్చినం. పాపకు మూడేళ్లు నిండవస్తున్నయ్. ఊర్ల మా అత్తమ్మ దగ్గర డైపర్ లేకుండనే ఉండేది, ఉచ్చొస్తే చెప్పేది. ఇక్కడ డేకేర్ల ఏసినప్పటి సంది లాగులనే పోస్తాంది. దొడ్డికైతే రెండు మూడు రోజులు బిగవట్టుకుంటాంది. పాటీ ట్రెయినింగ్ (డైపర్ లేకుండ టాయిలెట్‌ల పోవుడు నేర్చుకునుడు) అయితేనే మూడేళ్ల క్లాసుకు పంపుతమంటున్నరు. తెలిసినోళ్లు చెప్పుర్రి.

జవాబు (సొంతూరు జమ్మికుంట, ఇర్వింగ్‌ల ఉంటం):
చెల్లె, నీ బిడ్డ నేర్చుకున్నది మర్చిపోలేదు. ఆమె చుట్టున్నయన్నీ మారినయ్. అక్కడ కింద కూసునే లెట్రిన్, పక్కన చెంబు, పిలిస్తే పలికే నానమ్మ. ఇక్కడ ఎత్తు కమోడ్, గాలిల ఏలాడే కాళ్లు, మాట తెలువని టీచర్. ఇల్లు మారితెనే పిల్లలు కొన్ని రోజులు ఎనుకకు పోతరు, నీ బిడ్డకు దేశమే మారింది. అందుకని కసురకు, నలుగుట్ల అనకు.

ముందుగాల దొడ్డి సంగతి చూడు, ఉచ్చ తర్వాత. బిగవట్టిన కొద్దీ గట్టివడ్తది, గట్టివడ్డది పోయేటప్పుడు నొప్పి లేస్తది, ఆ నొప్పి యాదికొచ్చి ఇంకింత బిగవడ్తది. అట్ల లోపల నిండితే ఉచ్చ సంచి మీద ఒత్తిడి పడి లాగుల ఉచ్చ కూడ అయితది. నీ రెండు తిప్పలకూ మూలం ఒక్కటే కావచ్చు. పిల్లల డాక్టర్‌కు చూపెట్టు, మెత్తగ పోయేటందుకు మందిస్తరు. నీ అంతల నువ్వు షాపుల కొని ఎయ్యకు. పాలు కూడ చూసుకో. కొత్తగ వచ్చినంక పిల్ల అన్నం తింటలేదని మనం గ్యాలన్ డబ్బ నుంచి పాలే పోస్తం. రెండేళ్లు దాటిన పిల్లకు దినానికి రెండు కప్పులు, అంటే అర లీటరు కన్నా కొంచెం తక్కువ, సరిపోతయ్. పాలు తగ్గితే ఆకలైతది, పాలకూర పప్పు తింటది, నీళ్లు తాగుతది.

కాళ్ల కింద పీట తప్పనిసరి. మోకాళ్లు నడుము కన్నా కొంచెం పైకుండి, పాదాలు పూర్తిగ ఆనాలె. కింద కూసున్నప్పుడు సడలే కండరం, కాళ్లు ఏలాడితే సరిగ సడలదు. కమోడ్ మీద చిన్న సీటు కూడ పెట్టు, లోపల పడ్తనేమో అన్న భయం పోతది. తిన్నంక పేగు కదుల్తది కాబట్టి పొద్దున తిన్న కొద్దిసేపటికి కూసోబెట్టు, ఐదు నిమిషాలు చాలు. రాకపోతే లేపు, మళ్ల చూద్దాం అను.

మన ముసలోళ్లు కాళ్లు చాపి, పాదాల మీద పిల్లను కూసోబెట్టుకొని "స్స్‌స్" అంటరు చూడు, వాళ్లకు పిల్ల టైం చేతివేళ్ల మీదుంటది. మీ అత్తమ్మకు ఫోన్ చేసి అడుగు: లేవంగనె కూసోబెట్టేదా, తిన్నంకనా, వచ్చే ముందు పిల్ల మొఖం ఎట్ల పెడ్తది, ఏ మూలకు పోయి నిలవడ్తది. అదంతా ఒక కాయితం మీద రాసి డేకేర్ టీచర్‌కియ్యి. ఉచ్చ, కక్క అనే మాటలు కూడ రాయి, లేకపోతే పిల్ల అడుగుతనే ఉంటది, టీచర్‌కు సమజ్ కాదు.

డేకేర్‌కు గుండీలు, జిప్పులు లేని ఎలాస్టిక్ లాగులు ఎయ్యి, బ్యాగుల మూడు జతలు పెట్టు. ఖరాబైన బట్టలు పిండకుండ ప్లాస్టిక్ కవర్ల కట్టి పంపుతరు. తప్పుగ అనుకోకు, అక్కడ కడిగితే రోగాలు పాకుతయని పెట్టుకున్న పద్ధతి అది. పిల్లకు కూడ అక్కడ నీళ్లతోని కడుగుడు ఉండదు, తుడుచుడే. ఆడపిల్ల కదా, ముందు నుంచి ఎనుకకు తుడవాలని చెప్పు. ఇంటికి రాంగనె గోరువెచ్చటి నీళ్లతోని కడుగు. ఇంట్ల డైపర్ తీసి, అక్కడ ఏసి పంపుడు మాత్రం వద్దు, పిల్లకు ఏది నిజమో తెల్వది.

ఇంకో జవాబు (కరీంనగర్ నుంచి, ప్లేనోల ఉంటం):
అక్క చెప్పింది ఖరారు. వాళ్లు ఎందుకంత పట్టువడ్తరంటే, డాలస్ ఉన్న ఈ టెక్సాస్ రాష్ట్రం నియమాల ప్రకారం రెండేళ్ల పిల్లలైతే ఒక టీచర్‌కు 11 మంది దాక, మూడేళ్లొస్తే 15 మంది దాక ఉండొచ్చు. డైపర్ మార్చే చేతులు తగ్గుతయ్. కానీ డైరెక్టర్‌తోని కూసొని మాట్లాడుర్రి, పిల్ల దేశం మారి వచ్చిందని చెప్పి కొన్ని వారాలు టైం అడగుర్రి. డాక్టర్ చీటీ ఉంటే ఇంకా మంచిది. ఇంకొకటి, మాల్లల్ల కమోడ్లు వాటంతటవే ఫ్లష్ అయితయ్. ఆ సప్పుడుకు మా చిన్నోడు ఎన్నో రోజులు బయట పోనే పోలేదు. పర్సుల అంటుకునే కాయితం ముక్కలు పెట్టుకొని, పిల్లను కూసోబెట్టే ముందు మనిషి కదిలితే కనిపెట్టి ఫ్లష్ చేసే సెన్సర్ మీద ఒకటి అతికియ్యుర్రి, అది తీసేదాక ఫ్లష్ కాదు.

అడిగినామె:
చానా థాంక్స్ అక్కా, అన్నా. పీట, చిన్న సీటు ఇయ్యాల్నే తెస్త. మరి రాత్రి పూట కూడ డైపర్ తియ్యాల్నా?

జమ్మికుంట అక్క:
ఇప్పుడే వద్దు. రాత్రిది ఒళ్లు ఎదిగినప్పుడు వచ్చే సంగతి, నేర్పితే వచ్చేది కాదు. ఐదారేళ్ల దాకా పక్క తడుపుడు మామూలే. పండుకునే ముందు ఒకసారి కూసోబెట్టు, పరుపు మీద వాటర్‌ప్రూఫ్ కవర్ ఎయ్యి. డాక్టర్ ఏమన్నడో చూపెట్టినంక ఇక్కడ్నే రాయి.