ఒకే చెట్టు బంగినపల్లి కాయలు కొన్ని తియ్యగా, కొన్ని చప్పగా ఎందుకుంటున్నాయి?

పెరటితోట:
మా పెరట్లో బంగినపల్లి చెట్టు ఈ ఏడు బాగా కాసింది, అన్నీ ఒకే రోజు కోసి వరిగడ్డిలో మాగేశాం. కొన్ని భలే తీపి, కొన్ని పైకి పసుపు తిరిగినా లోపల పులుపు, ఇంకొన్ని తోలు ముడతలు పడి చప్పగా అయిపోయాయి. ఒకే చెట్టు, ఒకే ఎరువు కదా, ఎందుకిలా?

నూజివీడు రైతు:
తేడా గడ్డిలో లేదండి, కోతలో ఉంది. మామిడికి పూత ఒక్కసారే రాదు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రెండు మూడు విడతలుగా వస్తుంది, అందుకే పక్కపక్క కాయలకే నెల తేడా ఉండొచ్చు, సైజు చూస్తే మాత్రం ఒకేలా ఉంటాయి. కాయ చెట్టు మీద ఉన్నన్నాళ్లూ ఆకులిచ్చే చక్కెరని పిండిగా దాచుకుంటుంది, కోశాక మాగేటప్పుడు ఆ పిండే మళ్లీ చక్కెర అవుద్ది. లేతగా కోస్తే పిండే తక్కువ, ఇక తీపి ఎక్కడ్నుంచి వస్తుంది చెప్పండి.
ముదిరిన కాయకి తొడిమ చుట్టూ భుజాలు పైకి లేచి తొడిమ గుంటలోకి పోయినట్టుంటుంది. అనుమానమొస్తే బకెట్ నీళ్లలో వేయండి, ముదురుది మునుగుద్ది, లేతది తేలుద్ది.

జగిత్యాల తోట:
నీళ్లు గూడ చూడాలె అన్నా. కోతకు ముందు వాన పడ్డా, తడి పెట్టినా కాయ చప్పబడతది, మేమైతే రెండు మూడు వారాల ముందే నీళ్లు బంద్ చేస్తం. కాపు మరీ ఎక్కువున్న కొమ్మకు ఆకులు సరిపోవు, ఆ కాయల్ల తీపి తక్కువే ఉంటది.

పెరటితోట:
థాంక్సండి. మరి మార్కెట్లో నిగనిగలాడే పసుపు కాయ కూడా పుల్లగా ఉంటుందే?

నూజివీడు రైతు:
రేటు కోసం సీజన్ మొదట్లోనే లేతగా కోసేసి మందు పెట్టి రంగు తెప్పిస్తారండి. తోలు రంగు తొందరగా మారుద్ది, లోపల పులుపు తగ్గడానికి టైమ్ పడుద్ది. ఆ మందుల్లో కార్బైడ్ నిషేధం, అది ఆరోగ్యానికి హాని, ఎవరు పెట్టినా ఒప్పుకోకూడదు. కాయల్ని మాగబెట్టే ఇథిలీన్ గ్యాస్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి వంద పాళ్లు) దాకా వాడుకోవచ్చు, కాయ ముదిరింది అయితే దాంతో బాగానే మాగుద్ది. ఇంకోటి, పచ్చికాయని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి మాగడం ఆగిపోద్ది. వచ్చే ఏడు ముందు పూసిన కొమ్మలకి గుడ్డపీలికలు కట్టి గుర్తుపెట్టుకోండి, పిందె కట్టాక మూడు, మూడున్నర నెలలకి ముందు ఆ కొమ్మలవే కోసి, మిగతావి తర్వాత కోయండి.