బిడ్డ పుట్టిన తరువాత ర్యాలీలు: మానుకోవలసింది నేనొక్కదాన్నేనా?

ప్రశ్న
ఎడమ సీటు (పోరూరు, చెన్నై)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. ఉద్యోగాల వల్ల తొమ్మిదేళ్లుగా చెన్నైలో ఉంటున్నాము. పెళ్లయిన మరుసటి సంవత్సరం స్నేహితుల బలవంతం మీద ఒక టీఎస్‌డీ (టైమ్-స్పీడ్-డిస్టెన్స్) కారు ర్యాలీకి పేరిచ్చాము. అప్పటి నుంచి ఆ ఇష్టం మమ్మల్ని వదలలేదు. మా వారు కారు నడుపుతారు, నేను పక్కన కూర్చుని దారినీ లెక్కనూ చూస్తాను. ఈ క్రీడ తెలియని వారి కోసం ఒక మాట చెబుతాను: ఇందులో వేగంగా వెళ్లినవారు గెలవరు, నిర్వాహకులు ఇచ్చిన సగటు వేగాన్ని సెకన్ల లెక్కన నిలబెట్టినవారు గెలుస్తారు. గంటకు 36 కిలోమీటర్ల సగటు ఇస్తే కిలోమీటరుకు 100 సెకన్లు పట్టాలి, 40 ఇస్తే 90 సెకన్లు పట్టాలి. దారిలో ఏ చింతచెట్టు కింద మార్షల్ (పోటీని పర్యవేక్షించేవారు) గడియారం పట్టుకుని కూర్చున్నారో మనకు ముందుగా తెలియదు. అందువల్ల గెలుపోటములలో సగం బరువు ఎడమ సీటుదే. ఇవి కాక మా వారు ఏడాదికి ఒకటి రెండు సార్లు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద క్లబ్ స్థాయి పోటీలలో కూడా పాల్గొంటారు.

ఇప్పుడు నాకు ఐదో నెల. రోడ్‌బుక్ (దారి వివరాల పుస్తకం) పెట్టుకునే అట్టను ఒడిలో ఆనించుకునే చోటికి కడుపు వచ్చేసింది. ఈ కాన్పు అయ్యేవరకు కారు పోటీలకు వెళ్లకూడదని నేనే నిర్ణయించుకున్నాను, అందులో నాకు ఏ బాధా లేదు. బాధ కలిగించిన విషయం మరొకటి ఉంది. సంగతి తెలిసిన రోజునే రెండు వైపుల పెద్దలూ, నేను ఇక ఎప్పటికీ ఈ పని మానేస్తాననీ, ఆయన మాత్రం కొనసాగిస్తారనీ అడగకుండానే తేల్చేశారు. "మగవాడికి ఏదో ఒక సరదా ఉండాలి కదమ్మా" అని మా అత్తయ్య ప్రేమగానే అన్నారు. మా వారు ఆ మాటకు అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పాలని ఆయనకు తోచలేదని తరువాత నిజాయితీగా ఒప్పుకున్నారు.

ఇద్దరిదీ ఒకే ఇష్టమైనప్పుడు, బిడ్డ వచ్చాక దానిని మీరు ఎలా పంచుకున్నారు? మాకున్నది ఒకే కారు, పాత ఎస్టీమ్. దాని వెనుక సీటు తీసివేసి, నట్లు బోల్టులతో బిగించే హాఫ్ కేజ్ (కారు బోల్తా పడినా లోపలివారు నలిగిపోకుండా కాపాడే ఇనుప గొట్టాల చట్రం) వేయించాము. అందులో బిడ్డను తీసుకువెళ్లవచ్చునా? బీమా విషయంలో ఇప్పుడే సరిచూసుకోవలసినవి ఉన్నాయా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.


జవాబు 1
స్పానర్ పట్టినవాడు (అంబత్తూరు, చెన్నై)

అమ్మా, ముందుగా శుభాకాంక్షలు. నేను కారు గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసినది అదే.

ఆ కారులో బిడ్డను ఎక్కించకండి. ఇంటి నుంచి ఆసుపత్రికి అయినా సరే, వద్దు. రోల్ కేజ్ ఉన్న కారు పోటీలో ప్రాణం కాపాడుతుంది, కానీ లోపలి మనిషి హెల్మెట్ పెట్టుకుని, బకెట్ సీట్లో (ఒంటిని పట్టి ఉంచే పోటీ సీటు) హార్నెస్‌తో (భుజాల మీదుగా కూడా వచ్చే పోటీ బెల్టు) బిగించుకుని కూర్చున్నప్పుడే ఆ ఇనుప గొట్టం రక్షణ అవుతుంది. హెల్మెట్ లేని తలకు అదే గొట్టం జానెడు దూరంలో ఉన్న ప్రమాదం. పసిబిడ్డకు హెల్మెట్ పెట్టే మాటే లేదు. ఆ బరువును మోయగల శక్తి ఆ మెడకు ఉండదు. పైగా పిల్లల సీటును బిగించాలంటే ఐసోఫిక్స్ కొక్కాలు (పిల్లల సీటును తగిలించడానికి కారులోనే అమర్చి ఇచ్చేవి) గానీ, మూడు చోట్ల బిగిసే మామూలు బెల్టు గానీ ఉండాలి. మీ కారులో వెనుక సీటే లేదు. బకెట్ సీటు మీద పిల్లల సీటు కుదురుగా కూర్చోదు. మరొక సంగతి: తయారీదారు ఇచ్చిన రూపం నుంచి బండిని ఇలా మార్చి రోడ్డు మీద తిప్పడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఇంతకాలం ఎవరూ ఆపి ఉండకపోవచ్చు, కానీ ఇకపై మీకు ఆ ధైర్యం అక్కరలేదు.

రెండో కారు ఒకటి, పాతదైనా పరవాలేదు, ఐసోఫిక్స్ ఉన్నది చూసుకోండి. బిడ్డ సీటును వెనుక సీటు మీద, కారు వెనుక భాగం వైపు బిడ్డ ముఖం ఉండేటట్లు బిగించాలి. పసిబిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ తల ముందుకు విసురుగా పోతే మెడ తట్టుకోలేదు, అదే వెనక్కి తిరిగి ఉంటే ఆ విసురును వీపు మొత్తం పంచుకుంటుంది. ఐరోపాలో వాడుకలో ఉన్న ఆర్129 అనే పిల్లల సీట్ల ప్రమాణం కనీసం 15 నెలలు నిండేదాకా ఇలాగే కూర్చోబెట్టాలని అంటుంది. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో మాత్రం ఇలాంటి సీటును ఎన్నడూ పెట్టకూడదు. 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి అటుంచండి. హార్నెస్ గడువు తీరితే పోటీకి పనికిరాదని పక్కన పడేసే మనమే, పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీటులో కూర్చునేవారిని చూస్తూ ఊరుకుంటున్నాము. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.


జవాబు 2
మళ్లీ గడియారం పట్టినదాన్ని (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నా ఇల్లే కళ్ల ముందు నిలిచింది. నేనూ నావిగేటర్‌నే (దారీ లెక్కా చూసేదాన్ని), మా వారూ నడుపుతారు.

ముందు ఈ నెలల గురించి చెబుతాను. పోటీలు ఆపడం సరైన నిర్ణయం. ట్రాక్‌కు చూడడానికి వెళ్లాలనిపిస్తే కూడా పిట్‌ల (పోటీ కార్లను ఆపి సరిచేసే చోట్లు) దగ్గరికి వెళ్లకండి, అక్కడ ఇంజిన్ల హోరు చాలా ఎక్కువ. మన చెవులకు మఫ్‌లు పెట్టుకుంటే మన చెవులే కాపాడబడతాయి, కడుపులోని బిడ్డకు ఆ రక్షణ అందదు. ఐదో నెల దాటేసరికి బిడ్డకు వినికిడి మొదలవుతుంది. నేను ఆ సంగతి తెలియక ఆరో నెలలో పిట్ గోడ పక్కన సగం పూట నిలబడ్డాను. మా పాపకు ఏమీ కాలేదు, అయినా ఆ పూట గుర్తుకు వచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. మామూలు ప్రయాణాలలో బెల్టు కింది పట్టీని కడుపు కిందుగా, తుంటి ఎముకల మీద ఆనేటట్లు పెట్టుకోండి. కడుపుకు అడ్డం వస్తోందని బెల్టు మానవద్దు.

తిరిగి రావడం గురించి ఎవరూ నాకు ముందుగా చెప్పని విషయాలు రెండు ఉన్నాయి. ఒకటి నిద్ర. పాప పదకొండో నెలలో ఉండగా నేను మొదటి ర్యాలీకి వెళ్లాను. అంతకుముందు రాత్రి మూడుసార్లు లేచాను. ఉదయం ఓడో చెక్ భాగంలో నిర్వాహకుల దూరానికీ మా మీటరు దూరానికీ ఉన్న తేడాను నేను గుణించవలసిన చోట భాగించాను, పది కిలోమీటర్ల దాకా ఆ తప్పు నాకు కనిపించలేదు. ఆ రోజు వెనుకబడ్డాము. మా వారు ఒక్క మాట అనలేదు, తరువాతి టైమ్ కంట్రోల్ (సమయం నమోదు చేసే చోటు) దగ్గర నీళ్ల సీసా తెరిచి నా చేతికి ఇచ్చారు. ఆ తరువాత మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము: పోటీకి ముందు రెండు రాత్రులు పాప లేస్తే ఆయనే లేస్తారు.

రెండోది పాలు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వకూడదని వైద్యులు చెబుతారు కాబట్టి ఆ కాలంలో రోజంతా సాగే ర్యాలీ పెట్టుకోవద్దని నా మనవి. ఆ తరువాత కూడా మధ్యలో ఒకసారి పాలు పిండుకోక తప్పదు, లేకపోతే రొమ్ములు గడ్డకట్టి జ్వరం రావచ్చు. భోజన విరామం ఎక్కడో, అక్కడ తలుపు మూసుకునే గది ఉందో లేదో నేను నిర్వాహకులకు ముందే ఫోన్ చేసి అడుగుతాను. మొదటిసారి అడగడానికి సిగ్గుపడ్డాను, ఇప్పుడు పడను. పిండిన పాలను ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టెలో ఒక రోజు వరకు ఉంచవచ్చు. మన ఎండలో బయట ఉంచితే గంటల లెక్క కూడా నమ్మవద్దు.

పెద్దల మాటకు నా జవాబు ఇది. ఫ్రాన్స్‌కు చెందిన ర్యాలీ డ్రైవరు మిషెల్ మూటన్ 1982లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచారు, 1986తో ఆ పోటీల నుంచి తప్పుకున్నారు, మరుసటి సంవత్సరం తల్లి అయ్యారు. చాలామంది ఆమె కథను అక్కడితో ఆపేస్తారు. 1988లో రేస్ ఆఫ్ ఛాంపియన్స్ అనే పోటీని మొదలుపెట్టిన ఇద్దరిలో ఆమె ఒకరు, ఆ తరువాత ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ) మహిళా కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు. ఆమె పక్కన కూర్చున్న నావిగేటర్ ఫాబ్రిజియా పాన్స్ పదిహేనేళ్ల తరువాత, 1997లో, మరో డ్రైవరుతో మాంటే కార్లో ర్యాలీ గెలిచారు. మన సీటుకు కావలసినవి చూపూ, లెక్కా, గొంతూ. అవి కాన్పుతో పోవు.


జవాబు 3
పాలసీ చదివేవాడిని (వేళచ్చేరి, చెన్నై)

బీమా గురించి క్లుప్తంగా రాస్తాను. మామూలు కారు పాలసీలో "ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్" అనే వాడకాలకు రక్షణ ఉండదని రాసి ఉంటుంది. టీఎస్‌డీ మెల్లగా సాగేదే కదా అనుకోకండి. మీ కంపెనీ దానిని ఎలా చూస్తుందో ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి. ఆరోగ్య బీమాలో సాహస క్రీడల మినహాయింపు వృత్తిగా పాల్గొనేవారికి వర్తించేటట్లు ప్రామాణిక భాష ఉంది, అందులో మోటార్ రేసింగ్ పేరు కూడా ఉంది. మీరు వృత్తిగా చేయడం లేదన్నది మీకు అనుకూలమే. జీవిత బీమాలో మాత్రం ప్రతిపాదన పత్రంలో ప్రమాదకరమైన అలవాట్ల గురించి అడిగిన చోట ఉన్నది ఉన్నట్లు రాయండి. ప్రీమియం కొంచెం పెరిగినా పరవాలేదు. పాలసీ మొదలైన మూడేళ్లలోపు క్లెయిమ్ వస్తే దాచిన విషయాన్ని వారు తవ్వి తీసే అవకాశం ఉంది. బిడ్డను నామినీగా పెడితే, మైనరు కాబట్టి డబ్బు అందుకునే పెద్దవారి పేరు కూడా ఇవ్వాలి. ఈ గడి ఖాళీగా వదిలేసేవారు చాలామంది.

అడగని మాట ఒకటి చెబుతాను, మన్నించండి. స్పెషల్ స్టేజీలు (మూసిన దారిలో పూర్తి వేగంతో సాగే భాగాలు) ఉండే ర్యాలీలకు తల్లీ తండ్రీ ఒకే కారులో వెళ్లడం నాకు సమ్మతం కాదు.


జవాబు 4
శోళవరం బిడ్డ (అన్నానగర్, చెన్నై)

పై సోదరుడి చివరి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. స్పెషల్ స్టేజీ విషయంలో అది న్యాయమే. రోడ్డు నిబంధనల మధ్య సాగే టీఎస్‌డీకి దానిని చుట్టవద్దు. అలాగైతే ఆ దంపతులు తిరుపతికి కూడా ఒకే కారులో వెళ్లకూడదు.

మా నాన్నగారు నన్ను భుజాల మీద ఎక్కించుకుని శోళవరం తీసుకువెళ్లేవారు. విమానాల కోసం వేసిన పాత రన్‌వే అది. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చాక నేనూ కొన్నేళ్లు అక్కడ నడిపాను. మా అమ్మాయి పుట్టిన సంవత్సరం స్టీరింగు వదిలి జెండా పట్టాను, మార్షల్‌గా. పోటీ రోజు మలుపు దగ్గర ఎండలో ఉదయం నుంచి సాయంత్రం దాకా నిలబడాలి. పసుపు జెండా ఒక్క క్షణం ఆలస్యమైతే వెనుక వచ్చే బండికి ముందున్న ప్రమాదం తెలియదు. ఆ పని నాకు నడపడం కన్నా ఎక్కువ తృప్తినిచ్చింది. అందరూ దీనిని త్యాగమని మెచ్చుకున్నారు. కానీ మీ ప్రశ్న చదివాక ఒక విషయం రాయాలనిపించింది. మా ఆవిడ ఆ రోజుల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని ల్యాప్ టైములు రాసేది, నాకన్నా వంకర లేని అంకెలతో. నేను ఏదో ఒక రూపంలో ట్రాక్ మీదే ఉన్నాను, ఆమె ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు. నేను అడగలేదు. ఇరవై ఏళ్లు దాటాక అడిగితే, "అప్పుడు అడిగి ఉంటే వచ్చేదాన్ని" అంది.

కాబట్టి అమ్మా, మీ వారికి ఈ ఒక్క మాట చెప్పండి: రాబోయే సీజన్‌లో ట్రాక్ మీద ఆయన గడిపే ప్రతి ఆదివారానికీ మీ పేరు మీద ఒక ఆదివారం క్యాలెండరులో ఇప్పుడే రాయమనండి. మీరు ఆ రోజు ర్యాలీకి వెళ్లినా, పడుకున్నా, అది మీ ఇష్టం. ఆ రోజు బిడ్డను చూసుకోవలసింది ఆయన. అత్తయ్యగారి చేతిలో పెట్టి ఊరుకుంటే లెక్కలోకి రాదు.


ప్రశ్న వేసినవారి జవాబు
ఎడమ సీటు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి భోజనాల తరువాత ఈ జవాబులన్నీ మా వారికి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. నాలుగో జవాబు దగ్గర ఆయన మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నారు. తరువాత గోడ మీది క్యాలెండరు తీసి, పెన్ను నా చేతికిచ్చారు.

ఈ సంవత్సరం ఆయన ట్రాక్ పోటీలకు పేరు ఇవ్వరు. కాన్పుకు నేను నెల్లూరు వెళ్తాను, నాకు ఇచ్చే 26 వారాల సెలవు ముగిసేసరికి బిడ్డకు ఘనాహారం మొదలుపెట్టే వేళ అవుతుంది. ఆ తరువాతే నా మొదటి ర్యాలీ. ఎస్టీమ్‌ను మా తమ్ముడి షెడ్డులో ఉంచి, ఐసోఫిక్స్ ఉన్న పాత కారు ఒకటి చూడడానికి ఈ శనివారం వెళ్తున్నాము. బీమా కంపెనీకి ఈమెయిల్ రాశాను, జవాబు రాగానే ఇక్కడే తెలియజేస్తాను. అత్తయ్యకు మాత్రం మా వారే చెబుతానన్నారు. నేను పక్కన ఉండనవసరం లేదని కూడా అన్నారు.

బెంగళూరు అక్కయ్యకు ఒక చిన్న ప్రశ్న: కదిలే కారులో రోడ్‌బుక్ చదివితే తల తిరగడం కాన్పు తరువాత మీకు ఎక్కువైందా? ఈ నెలల్లో నాకు వెనుక సీట్లో ఫోన్ చూసినా వికారం వస్తోంది, అందుకే అడుగుతున్నాను.