ఒంటిపూట బడి నుంచి వచ్చే పిల్లలకు ఏం చేసి పెడుతున్నారు?

మిర్యాలగూడ అమ్మ:
ఒంటిపూట బడులు మొదలైనప్పటి నుంచి నాకు రోజూ ఇదే టెన్షన్. పన్నెండున్నరకు బడి విడవగానే పాప ఎండలో నడిచొచ్చి, బ్యాగు కింద పడేసి నేరుగా ఫ్రిజ్ తలుపు తీస్తుందట. కూల్‌డ్రింక్ లేదంటే ఏడుపు, ఉంటే అది తాగి అన్నం ముట్టదు. నేను ఎనిమిదికల్లా డ్యూటీకి పోవాలి. ఇంట్లో అత్తమ్మ ఉంటుంది గానీ మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేదు. పొద్దున్నే చేసి పెట్టి పోయేవి ఏమున్నాయో చెప్పండి.

పాలమూరు వదిన:
అంబలి చెయ్యండి. మా ఇంట్లో ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా ఉండాల్సిందే. రాత్రి నాలుగు చెంచాల జొన్నపిండి గ్లాసు నీళ్లలో కలిపి మూతపెట్టండి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు మరిగాక మంట తగ్గించి, పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. పచ్చివాసన పోయి, గరిటెకు పలుచగా అంటుకుంటే దించండి. పూర్తిగా చల్లారాకే సల్ల (మజ్జిగ) పోయాలి, వేడి మీద పోస్తే విరుగుతుంది. ఉప్పు, దంచిన జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేసి, తడిగుడ్డ చుట్టిన మట్టిముంతలో నీడన పెట్టండి. ఫ్రిజ్ అవసరం పడదు.

దేవరకొండ:
వదిన చెప్పింది నిజం. ఒక్కటే మాట, మే నెలలో సాయంత్రమే కలిపిపెడితే పొద్దటికి మరీ పుల్లగా అవుతుంది. పడుకునే ముందు కలపండి.

నకిరేకల్ నిమ్మతోట:
ఎండలు ముదిరేకొద్దీ మా దగ్గర మార్కెట్‌లో కూడా నిమ్మకాయ రేటు పెరుగుతుంది. అందుకే చలికాలం చివర్లోనే రసం పిండి ఐసు ట్రేలో గడ్డకట్టించి, ఆ ముక్కలు డబ్బాలో వేసుకుంటాం. గ్లాసుకు ఒక ముక్క, కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు చాలు. కాయను మరీ గట్టిగా పిండొద్దు, తొక్కలోని నూనె దిగి, గింజ నలిగి చేదొస్తుంది. బత్తాయి రసం మాత్రం దాచకండి. తీసినప్పుడు తియ్యగానే ఉంటుంది, కాసేపటికి చేదెక్కుతుంది. మన నల్లగొండ బత్తాయిని అట్ల పాడుచేసుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వనపర్తి:
తినడానికి గుడాలు. బొబ్బర్లు రాత్రి నానేసి, పొద్దున ఉప్పేసి కుక్కర్లో ఉడికించి, ఎండుమిర్చి, ఉల్లిగడ్డతో తాలింపు పెట్టండి. ఒకరోజు శనగలు, ఒకరోజు పల్లీలు. ఈ ఎండకు సాయంత్రం దాకా ఉంచొద్దు, జిగురొస్తుంది.

నర్సక్క:
దవాఖానాలో పనిచేస్తా కాబట్టి ఒకటి చెప్పాలి. వాంతులో విరేచనాలో అయితే అంబలి, షర్బత్‌తో సరిపెట్టొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెం తాగించండి. ఒళ్లు కాలిపోతూ పిల్ల మత్తుగా ఉంటే తడిగుడ్డతో తుడుస్తూ వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

మిర్యాలగూడ అమ్మ:
అందరికీ దండాలు. మొదటిరోజు తొందరలో పిండి ఒక్కసారే కుమ్మరించేసరికి ఉండలు కట్టింది, వడకట్టాల్సి వచ్చింది. రెండోరోజు బాగా కుదిరింది. పాప ఉల్లిగడ్డ వాసనకే మొహం తిప్పేసింది. అత్తమ్మ పచ్చిమామిడికాయ కోరు కలిపి ఇస్తే గ్లాసు ఎత్తి గటగటా తాగిందట. నేను వచ్చేసరికి పైపెదవి మీద తెల్లటి చార ఇంకా ఆరిపోయి ఉంది. రేపటికి బొబ్బర్లు నానేశాను. వదినా, తైదల (రాగుల) పిండికి కూడా ఇవే కొలతలా?

పాలమూరు వదిన:
తైదలకు మూడు చెంచాలు చాలమ్మా, అది తొందరగా చిక్కబడుతుంది. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి సల్ల ఇంకో అర గ్లాసు ఎక్కువ పొయ్యి.