గీతబొమ్మ నడుస్తుంటే నేలకు ఆనిన పాదం జారుతోంది, ఎలా సరిచేయాలి?

పివట్ యానిమేటర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములో గీతబొమ్మల యానిమేషన్ కొత్తగా నేర్చుకుంటున్నాను. బొమ్మను ఎడమ నుంచి కుడికి నడిపిస్తున్నప్పుడు, నేలకు ఆనిన పాదం ఆనినచోటే నిలవకుండా ముందుకు జారిపోతోంది. వేగం సెకనుకు 12 ఫ్రేములు. ఒక్కో అడుగుకు 6 ఫ్రేములు కేటాయించాను.

మడమ నేలను తాకే భంగిమ, బరువు పడి నడుము దిగే భంగిమ, కాళ్లు ఒకదాన్నొకటి దాటే భంగిమ, నడుము పైకి లేచే భంగిమ, ఈ నాలుగింటినీ ముందే పెట్టుకొని మధ్య ఫ్రేములను తర్వాత నింపాను. ఉన్నచోటే నడిపిస్తే నడక చక్కగా కుదురుతోంది. చిక్కంతా నడుము దగ్గరి బిందువును పట్టుకొని బొమ్మను ముందుకు జరిపినప్పుడే వస్తోంది: నడుముతో పాటు పాదమూ అంతే దూరం జరుగుతుంది, దాన్ని వెనక్కి తేవడానికి తొడను, మోకాలిని తిప్పితే మడమ నేలగీతకు కాస్త పైకో కిందికో పోతుంది. ఆనియన్ స్కిన్ (అంతకు ముందరి ఫ్రేమును నీడలా చూపే సదుపాయం) పెట్టుకొని ఆ నీడ మీద పాదాన్ని సరిపెట్టాను, నేల మీద గుర్తుగీతలు గీశాను, ఫ్రేముకు జరిపే దూరాన్ని కూడా తగ్గించాను. జారడం కొంత తగ్గింది గానీ, నాకు అన్నిటికన్నా ముఖ్యమైన బరువు నడకలో కనిపించకుండా పోయింది.

అడుగు పొడవును బట్టి ఒక్కో ఫ్రేములో నడుమును ఎంత ముందుకు, ఎంత కిందికి జరపాలో మీరు ఎలా లెక్క వేసుకుంటారు?