ఎదుటి న్యాయవాది అక్రమంగా తెచ్చిన వైద్య రికార్డును కోర్టు చూడవచ్చా?

చర్చ ప్రారంభించినవారు, విజయవాడ

మా అక్క విడాకుల కేసు, దానితో పాటు పిల్లవాడి సంరక్షణ కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తున్నాయి. ప్రసవం తరువాత ఆమె కొన్ని నెలలు మానసిక వైద్యం తీసుకున్నారు. ఆ కేస్ షీటు జిరాక్సులను గత వాయిదాలో ఎదుటి పక్షం న్యాయవాది దాఖలు చేశారు. అక్క ఎవరికీ అనుమతి ఇవ్వలేదు, కోర్టు సమన్లు వెళ్లలేదు, ఆసుపత్రి వారు తాము ఇవ్వలేదని రాసి ఇచ్చారు. తల్లి చికిత్స చేయించుకుంది కాబట్టి బిడ్డను పెంచడానికి తగదనడమే అన్యాయం. దానికోసం ఆమె కాగితాలను దొడ్డిదారిన తేవడం ఇంకా పెద్ద అన్యాయం. ఇటువంటి రికార్డును కోర్టు చదవకుండానే తిప్పి పంపాలని నా అభిప్రాయం.

న్యాయవాది, గుంటూరు

మీ ఆవేదనలో న్యాయం ఉంది. అయితే సంపాదించిన తీరు తప్పయినంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోతుందనే నియమం మన దేశంలో లేదు. 1972లో మల్కానీ కేసులోనూ, 1973లో పూరన్ మల్ కేసులోనూ సుప్రీంకోర్టు చూసింది ఆ సాక్ష్యం విషయానికి సంబంధించినదా కాదా అన్నదే. పైగా 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్, సాక్ష్య చట్టం ప్రకారం చెల్లని పత్రాన్ని కూడా వివాద పరిష్కారానికి ఉపకరిస్తుందనుకుంటే స్వీకరించే అధికారాన్ని జడ్జికి ఇస్తోంది. భార్యకు తెలియకుండా భర్త రికార్డు చేసిన సంభాషణలను 2025 జూలైలో సుప్రీంకోర్టు అనుమతించింది కూడా. కాబట్టి రికార్డును తిప్పి పంపించడం మీదే కేసును నిలబెట్టుకోవద్దని నా సలహా.

న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాద్

2025 తీర్పును ఇక్కడికి లాగడం సరికాదు. అది భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్న మాటల గురించినది. ఇక్కడ ఉన్నది రోగి వైద్యుడికి చెప్పుకున్న మాట. భార్య ఇతరులతో మాట్లాడిన ఫోన్ సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేసిన కేసులో, అది ఆమె గోప్యతకు భంగమని, ఆ రికార్డును సాక్ష్యంగా తీసుకోరాదని 2007లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే చెప్పింది. అంతకుముందు, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారుకు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన కేసులో, ఖాతాదారు తన కాగితాలను బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన వాటిపై గోప్యతను వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. బ్యాంకు కాగితాలకే ఆ రక్షణ ఉన్నప్పుడు కేస్ షీటుకు లేదనగలమా? 2017లో పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కయింది. 1972 నాటి సూత్రాన్ని ఆ వెలుగులో మళ్లీ పరీక్షించక తప్పదు.

నాకు అన్నింటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పత్రాలు తెప్పించమని కోర్టును అడిగే దారి న్యాయవాదికి తెరిచే ఉంది. అలా అడిగి ఉంటే అక్కకు నోటీసు వచ్చేది, ఆమె అభ్యంతరం చెప్పేది, ఎంత భాగం అవసరమో జడ్జి నిర్ణయించేవారు. ఆ దారిని తెలిసి తెలిసి తప్పించుకున్న న్యాయవాదికి అదే పత్రం మీద వాదించే అవకాశం ఇస్తే, ఇకమీదట ఎవరైనా కోర్టును ఎందుకు అడుగుతారు?

న్యాయవాది, గుంటూరు

ఆ పత్రాన్ని తెచ్చింది న్యాయవాదేనని ఎలా చెప్పగలం? కక్షిదారు తెచ్చి చేతిలో పెట్టి ఉండవచ్చు.

న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాద్

ఉండవచ్చు. అయినా తాను చేయరాని పనిని కక్షిదారు చేత చేయించకూడదని, అతన్ని వారించడానికి శక్తిమేరకు ప్రయత్నించాలని బార్ కౌన్సిల్ నియమాలు న్యాయవాదిపై బాధ్యత పెట్టాయి. ఆసుపత్రి ముద్ర ఉన్న మానసిక చికిత్స రికార్డు చేతికి వచ్చినప్పుడు ఇది ఎక్కడిదని అడగకుండా దాఖలు చేసినవారు తమకేమీ తెలియదంటే నేను ఒప్పుకోను.

న్యాయవాది, గుంటూరు

ఆ మాటను నేనూ కాదనను. పత్రం ఎలా వచ్చిందో అఫిడవిట్ ద్వారా చెప్పమని కోర్టును అడగవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 151వ సెక్షన్ కింద ఒక ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేసి, ఆ ప్రతులను సీల్డ్ కవరులో ఉంచమని, కోర్టు బయట ఎవరికీ చూపకుండా ఉత్తర్వు ఇమ్మని కోరండి. విచారణ ఇన్ కెమెరాగా, అంటే బయటివారు లేకుండా, జరగాలని ఒక పక్షం కోరినా చాలు, ఫ్యామిలీ కోర్టు అలాగే జరపాలని ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ చెబుతోంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది మార్కింగ్ సమయంలో, అంటే పత్రానికి నంబరు వేసి సాక్ష్యంగా (ఎగ్జిబిట్‌గా) నమోదు చేసేటప్పుడు. వాళ్లు దాఖలు చేసినవి జిరాక్సులు. అసలు రికార్డు ఎక్కడుందో చూపి, ఆసుపత్రి నుంచి బాధ్యత గలవారిని సాక్షిగా పిలిపించి రుజువు చేయకుండా వాటిని ఎగ్జిబిట్‌గా మార్క్ చేయబోతే అప్పుడే లేచి అభ్యంతరం చెప్పి, దాన్ని నమోదు చేయించాలి. రుజువు చేసే పద్ధతిపై అభ్యంతరాన్ని ఆ క్షణంలో చెప్పకపోతే తరువాత వినరని సుప్రీంకోర్టు 2003లో స్పష్టం చేసింది. గోప్యత గురించి గొప్పగా వాదించి, మార్కింగ్ నాడు మౌనంగా కూర్చున్నందుకు నష్టపోయిన కేసులు నాకు తెలుసు.

చర్చ ప్రారంభించినవారు, విజయవాడ

ఒకవేళ కోర్టు ఆ కాగితాలను చూస్తే అక్క పరిస్థితి ఏమిటి? బయటికి ఇచ్చినవారిపై ఏమీ చేయలేమా?

న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాద్

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఇక్కడ మీకు అండ. మానసిక రుగ్మత ఉందని నిర్ధారణ అయినంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని 3వ సెక్షనే చెబుతోంది. కోర్టులో ఒక పక్షం మానసిక రుగ్మతకు రుజువు చూపినప్పుడు రెండో పక్షం, ఇక్కడైతే మీ అక్క, దాన్ని సవాలు చేస్తే, 105వ సెక్షన్ కింద కోర్టు ఆ విషయాన్ని మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు పరిశీలనకు పంపాలి. కానీ బోర్డు అక్కను స్వయంగా పరీక్షించవచ్చు కనుక, ఆమె ఇష్టపడితేనే ఈ మెట్టు ఎక్కండి.

గోప్యత కాపాడవలసిన బాధ్యతను అదే చట్టం 23వ సెక్షన్ వైద్య సిబ్బందిపై పెట్టింది. ఉల్లంఘనకు మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రికార్డును కంప్యూటరు నుంచి అనుమతి లేకుండా తీసి ఉంటే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి. నష్టపరిహారం 5 కోట్ల రూపాయల లోపు అడిగితే రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు దరఖాస్తు చేసుకోవచ్చు.

న్యాయవాది మీద ఫిర్యాదు న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు చేయాలి. మందలింపు మొదలుకొని న్యాయవాదుల జాబితా (రోల్) నుంచి పేరు తొలగించడం దాకా శిక్షలున్నాయి. ఏడాదిలో తేలకపోతే విషయం భారత బార్ కౌన్సిల్‌కు వెళ్తుంది. అయితే పత్రం ఎలా వచ్చిందో చెప్పే ఆ అఫిడవిట్ చేతికి వచ్చాకే ఈ ఫిర్యాదు వేయండి. అంతకుముందే వేస్తే ఊహ మీద ఆధారపడిన ఆరోపణగా కొట్టివేస్తారు.